ట్రాలీని క్యాంపర్ చేయాలంటే: పట్ట కట్టాలా, పైన టెంట్ పెట్టాలా, గట్టి పెట్టె చేయించాలా?

పుత్తూరులో మా బావమరిది పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న ట్రాలీ కొన్నాడు. బొలెరో వెనకాల తగిలించుకునేది, 6 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు, చుట్టూ అడుగున్నర ఎత్తు రేకు. కొన్న రోజు నుంచి ఒకటే ఫోన్లు, బావా దీన్ని క్యాంపర్ చేసేద్దాం, తలకోన పోదాం, పులికాట్ పోదాం, హార్స్లీ హిల్స్ పోదాం, పైన ఏం కట్టమంటావో చెప్పు అని. నేను మూడేళ్లుగా ఇట్లాంటిదే ఒకటి వాడతా ఉండా, ఒకసారి కట్టి విప్పి మళ్లీ కట్టినా కూడా, కాబట్టి తెలిసింది చెప్పినా, కానీ ఫోన్లో చెప్తే వాడు సగం వింటాడు సగం వదిలేస్తాడు, అందుకే మొత్తం ఒకచోట రాస్తా ఉండా. వాడికే కాదు, తిరుపతి చిత్తూరు సైడు ఇదే ఆలోచనలో ఉండేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ ఐడియా ఎక్కువగా ఆస్ట్రేలియా వాళ్లది. ఆడ ఈ 6కి 4 బాక్స్ ట్రైలర్ అనేది మన దగ్గర టీవీఎస్ ఎక్సెల్ ఉన్నంత మామూలుగా ఉంటుంది, చెత్త పారేయాలన్నా ఇల్లు మారాలన్నా కారు వెనక అదే. సెలవులొస్తే దానిమీదే టెంట్ కట్టుకుని పోతారు. ఆడి రూల్ ప్రకారం బండీ సామానూ కలిపి 750 కిలోల లోపు ఉంటే ట్రైలర్‌కి బ్రేకులు అక్కర్లేదు, అది దాటితే బ్రేకులు ఉండి తీరాలి. ఈ 750 అనే నంబర్ మన దగ్గర కూడా ఉంది, ట్రైలర్లలో మొదటి క్లాసు టీ1 అంటే మొత్తం బరువు ముక్కాలు టన్ను లోపుది అనే. కానీ ఆ వీడియోలు చూసి అట్లే దించేస్తే కుదరదు, వాళ్ల రోడ్లు వేరు, మన భాకరాపేట ఘాట్ వేరు, మన మే నెల ఎండ వేరు.

పైన ఏం కట్టాలి అని ఆలోచించే ముందు కాగితాల సంగతి ఒకటి తేల్చుకోండి, ఎందుకంటే ఈడనే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. మోటారు వాహనాల చట్టం 1988 లెక్కలో ట్రైలర్ అనేది కూడా ఒక వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. వెల్డింగ్ షాపులో యాంగులర్లు కొని మనమే ఒకటి తయారు చేసేసుకుందాం అంటే అది రోడ్డు మీదికి రావడానికి పనికిరాదు, అప్రూవల్ ఉన్న తయారీదారుడి దగ్గర కొన్నదో, ఆర్‌సీ ఉన్న పాతదో అయ్యుండాలి. రెండోది, ఆర్‌సీలో రాసున్న దానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్పులు చేయకూడదని గట్టిగా చెప్పింది. కాబట్టి ట్రాలీ మీద విప్పి తీసేసే సామాను పెట్టుకోవడం వేరు, ట్రాలీకే వెల్డింగ్ చేసి ఆకారం మార్చేయడం వేరు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, కింద మూడు రకాల్నీ పోల్చేటప్పుడు మళ్లీ వస్తుంది. ఏది చేసినా ముందు ఆర్టీఓ ఆఫీసుకి పోయి ఫోటోలు చూపించి అడగండి, ట్రైలర్‌కి వేరేగా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చేయించండి. బావమరిదికి మొదట చెప్పింది కూడా అదే, ముందు ఆర్‌సీ నీ పేరు మీదికి మార్పించుకో నాయనా, తర్వాతే డ్రిల్లు తీ అని. ఇంకోటి, బండి కదిలేటప్పుడు ట్రైలర్లో మనిషి అనేవాడు ఉండకూడదు. పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, అందులో పడుకుని వస్తాం నాన్నా అని, ఎంత ఏడ్చినా సరే ఒప్పుకోవద్దు.

ఇంగ అసలు విషయం, తూకం. మూడింట్లో ఏది బాగుంటుందని అడిగే ప్రతి ఒక్కరికీ నేను ముందు తిరిగి అడిగేది, నీ బండి ఎంత లాగుతుంది, నీ ట్రాలీ ఖాళీగా ఎంత తూగుతుంది అని. నూటికి తొంభై మంది దగ్గర జవాబు ఉండదు. బండి మాన్యువల్ తీసి ట్రైలర్ లాగే బరువు ఎంత రాసుందో చూడండి, అసలు రాయకపోతే, లేదా లాగొద్దని రాసుంటే ఈ పని ఆడితోనే ఆపేయండి. ట్రాలీని ఖాళీగా ఒకసారి, సామాను మొత్తం ఎక్కించి ఒకసారి వేబ్రిడ్జి మీదికి తీసుకుపోండి, రేణిగుంట రోడ్డులో లారీల కోసం ఉండేవే, కాటాకి అయ్యే ఖర్చు టిఫిన్ ఖర్చంత కూడా కాదు. నాది ఖాళీగా 230 కిలోలు తూగింది, సామానంతా కలిపి 430.

ఆ 430 కిలోలు ఎంత అనే దానికన్నా అవి ట్రాలీలో యాడ కూర్చున్నాయి అనేది ఇంకా ముఖ్యం. ఇది నాకు భయపడి తెలిసిన విషయం, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

మొదటిసారి కట్టినప్పుడు వంటిల్లు మొత్తం వెనక డోర్ దగ్గర పెట్టినా, చూడ్డానికి చాలా బాగుండేది, డోర్ కిందికి దించితే అదే స్టవ్ బల్ల. రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు, చిన్న గ్యాస్ సిలిండర్, కుక్కరు, బియ్యం డబ్బా అన్నీ ఇరుసుకి వెనకాలే. హార్స్లీ హిల్స్ పోయి మదనపల్లె నుంచి తిరిగి వస్తా ఉంటే భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు, 2022లో నిశ్చితార్థం బస్సు లోయలో పడిపోయిన ఘాటు అది, దిగుడు మొదలైన కాసేపటికి అద్దంలో ట్రాలీ కొద్దిగా అటూ ఇటూ ఊగడం కనిపించింది. రోడ్డు బాగలేదేమో అనుకున్నా. ఇంకో వంద గజాలకి ఆ ఊపు బొలెరోకి ఎక్కింది, స్టీరింగ్ చేతిలో ఉన్నా తేలిపోయినట్టు, వెనకనుంచి ఎవరో తోక పట్టుకుని ఊపుతున్నట్టు. పక్క సీట్లో మా ఆవిడ హ్యాండిల్ పట్టుకుని గోవిందా గోవిందా అంటా ఉండాది. బ్రేక్ గట్టిగా తొక్కాలని కాలు పోయింది కానీ తొక్కలేదు, అది తొక్కుంటే ట్రాలీ వచ్చి పక్కకి తోసేసుండేది, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగ్‌ని తిరగేసి సరిచేయాలని చూడకుండా నేరుగా పట్టుకున్నా, స్పీడు 40 కి వచ్చేసరికి దానంతట అదే సర్దుకుంది.

కింద టీ అంగడి దగ్గర ఆపి, కొక్కెం విప్పుదాం అని గడియ తీసినా. ట్రాలీ ముక్కుని, అంటే బండి కొక్కేనికి తగిలించే ముందు కొసని, ఒక్క చేత్తో ఎత్తగలిగినా. అప్పుడు అర్థమయింది. ఇంటికొచ్చి బాత్రూమ్ దగ్గర పెట్టుకునే బరువు మెషిన్ మీద ఒక కర్రముక్క నిలబెట్టి, దానిమీద ట్రాలీ ముక్కు ఆనించి చూస్తే 18 కిలోలు. మొత్తం 430లో 18 అంటే నాలుగు శాతం. ఉండాల్సింది 10 నుంచి 15 శాతం మధ్యలో. నీళ్ల క్యాన్లూ సిలిండరూ తీసి ఇరుసుకి కొంచెం ముందుకి జరిపి, పట్టీతో బిగించి మళ్లీ తూచినా, 48 వచ్చింది. అంతే, అదే ట్రాలీ, అదే బరువు, అదే ఘాటు, ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఊగలేదు. ముక్కు బరువు తక్కువైతే తోక ఊగుతుంది, మరీ ఎక్కువైతే లాగే బండి వెనక కూర్చుండిపోయి ముందు చక్రాలకి పట్టు పోతుంది. ఈ తూకం చూసుకోవడానికి ఇంట్లో ఉండే మెషిన్ చాలు, ముక్కు ఎత్తు మాత్రం బండికి తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి, ట్రాలీ లెవెల్లో నిలబడాలి.

ఇప్పుడు మూడు రకాల్నీ చూద్దాం.

మొదటిది పట్ట. చెప్పాలంటే మన గూడు బండే. అరంగుళం, ముప్పావు అంగుళం జీఐ పైపులు వంచి నాలుగు కమాన్లు, వాటి మీద కాన్వాస్, కింద 4కి 6 మంచం ఎంత ఉంటుందో అంత పడక. మా తాతల కాలంలో తిరునాళ్లకి, గంగమ్మ జాతరకి ఇట్లనే ఎద్దుల బండి మీద గూడు కట్టుకుని వచ్చి బండి కిందే వండుకుని తిని పడుకునేవాళ్లంట, అదే లెక్క, ఎద్దుల బదులు బొలెరో. పైపులు పక్క రేకుకి వేసిన గొట్టాల్లో దిగేటట్టు చేయించుకుంటే పయనంలో విప్పి మడిచి పెట్టేయొచ్చు, ట్రాలీ ట్రాలీగానే ఉంటుంది, గాలి తగలదు, బరువు కిందే ఉంటుంది, ఆర్‌సీ గొడవ కూడా తక్కువ. మొత్తం పట్టా పైపులూ కలిపి నాకు 40 కిలోలు దాటలేదు. మూడింట్లో ఖర్చు తక్కువ కూడా ఇదే.

కానీ గుడ్డ విషయంలో పొదుపు చేయొద్దు. వడ్లమీద కప్పే నీలం పాలిథీన్ పట్ట వేశారనుకోండి, లోపల ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి ఊపిరి ఆవిరంతా పైన పట్టి మొహం మీద చుక్కలు పడతాయి, బయట వాన లేకపోయినా లోపల వానే, పైగా ఒక ఎండాకాలానికే పొడిపొడి అయిపోతుంది. కాటన్ కాన్వాస్ అయితే గాలి ఆడుతుంది. లారీలకి టార్పాలిన్లు కుట్టేవాళ్ల దగ్గరికే పోండి, వాళ్లకి కుట్టు మీద మడత ఎట్లా వేయాలో, రింగులు ఎంత దూరంలో కొట్టాలో మనం చెప్పే పనిలేదు, మనం చెప్పాల్సింది కిటికీలకి దోమతెర, దానిపైన చుట్టి కట్టే తలుపు, అంతే. కుట్టించాక చేయాల్సిన పని ఒకటుంది, ఎవరూ చెప్పరు. కొత్త కాన్వాస్‌ని కమాన్ల మీద బిగించి కట్టి పైపుతో బాగా తడిపి ఎండలో ఆరనివ్వండి, రెండు మూడు సార్లు ఇట్లా చేస్తే దారాలు ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుపోతాయి. చేయకుండా మొదటి వానకే పోయినామంటే కుట్ల వెంబడి కారుతుంది.

నేను తడిపే పోయినా, అయినా ఒక పాఠం మిగిలింది. నవంబర్లో నేలపట్టు పక్షులు చూసి సూళ్లూరుపేట సైడు ఒకరాత్రి తెలిసినవాళ్ల తోటలో ఆగినాం, పదిగంటలకి వాన పట్టుకుంది. మన వాన ఎట్లాగూ ఆ నెలల్లోనే గదా. లోపల పొడిగానే ఉండాది, బాగానే ఉండాది, మా పాప నిద్ర రాక పైన గుడ్డ మీద వేలితో పువ్వు గీసింది. అంతే, ఆ గీసిన గీత మీదనుంచి నీళ్లు కారడం మొదలు, పువ్వు ఆకారంలోనే చుక్కలు. తడిసిన కాటన్ గుడ్డని లోపలనుంచి తాకితే ఆ చోట నీళ్లు దిగుతాయి, పరుపు కూడా గుడ్డకి ఆనకూడదు. తర్వాత నేను పైన ఇంకో పలచని పట్ట ఒక జానెడు ఎత్తులో వేసేట్టు పెట్టుకున్నా, వానకి వాన ఆగుతుంది, ఎండలో నీడా అవుతుంది. ఇంటికొచ్చినాక తడి పట్టని మడిచి పెట్టేయొద్దు, రెండు రోజుల్లో నల్ల మచ్చలొచ్చి వాసన కొడుతుంది, మిద్దెమీద పరిచి పూర్తిగా ఆరబెట్టాల్సిందే.

పట్టకి అసలు లోపం తాళం లేకపోవడం. కాణిపాకంలోనో శ్రీకాళహస్తిలోనో ట్రాలీ పార్కింగ్‌లో పెట్టి దర్శనానికి మూడు గంటలు పోతే లోపల సామాను గుడ్డ చాటున ఉన్నట్టే. నేను కింద రేకు పెట్టె పొడవునా ప్లైవుడ్ మూత వేసి తాళం పెట్టించినా, పయనంలో అది మూత, రాత్రికి అదే పడక. ఈ ఒక్క పనితో సగం దిగులు పోయింది.

రెండోది ట్రాలీ పైన ఫ్రేమ్ కట్టి దానిమీద కార్ల పైన పెట్టే రూఫ్‌టాప్ టెంట్ పెట్టడం. దీన్ని తొందరగానే తేల్చేస్తా, ఎందుకంటే ఇది డబ్బుంటే సులభం, లేకపోతే లేదు. తెరిచి నిచ్చెన దించితే ఐదు నిమిషాల్లో పడక రెడీ, కింద ట్రాలీ మొత్తం సామానుకే మిగులుతుంది, తేళ్లూ పాములూ తడి నేలా ఏదీ గొడవ లేదు, నాలుగు పక్కలా కిటికీలు కాబట్టి గాలి బాగా ఆడుతుంది. కానీ టెంట్ ఒక్కటే 50, 60 కిలోలు, దాన్ని మోసే ఫ్రేమ్ ఇంకో 30, ఆ బరువంతా నాలుగు అడుగుల ఎత్తులో. 4 అడుగుల వెడల్పు ట్రాలీకి అంత ఎత్తులో అంత బరువు పెట్టి మొగిలి ఘాట్ మలుపులు తిప్పాలంటే నాకైతే ధైర్యం చాలదు, పెట్టాలనుకుంటే ఫ్రేమ్‌ని రేకు మీద ఒక అడుగు కన్నా ఎత్తు లేపద్దు, నిలబడే ఎత్తు రావాలని ఆశపడొద్దు. ఇంకోటి మన ఇళ్లల్లో అమ్మనో అత్తనో లేకుండా ఊరికి పోయేది ఎప్పుడు? మోకాళ్ల నొప్పులున్న మనిషి అర్ధరాత్రి ఆ నిచ్చెన దిగాలి. కుర్రోళ్లు ఇద్దరు ముగ్గురు తిరిగేవాళ్లైతే తీసుకోండి, కుటుంబానికి మాత్రం వద్దంటా.

మూడోది గట్టి పెట్టె. ఇదే అందరికీ మనసులో ఉంటుంది, ఫోటోల్లో అదే బాగుంటుంది, తలుపు, కిటికీ, వెనకాల డోర్ ఎత్తితే వంటిల్లు. తాళం పడుతుంది, వాన భయం లేదు, కుక్కలు మేకలు ముక్కు పెట్టవు, గాలివానకి రెపరెపలు ఉండవు. తూకం ఎట్లా పెరుగుతుందో ఒకసారి లెక్క వేద్దాం. 6కి 4 ట్రాలీ మీద 4 అడుగుల ఎత్తు పెట్టె అంటే పైకప్పు 24 చదరపు అడుగులు, రెండు పక్కలూ 48, ముందు వెనక 32, మొత్తం 104. అంటే 8కి 4 షీట్లు మూడు పైచిల్లర. 12 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒకటి అటూ ఇటూగా 24 కిలోలు ఉంటుంది, ఒట్టి ప్లైవుడ్డే 75 దాటింది. అంగుళం స్క్వేర్ ట్యూబు ఫ్రేమ్ 40 మీటర్లు పడితే ఇంకో 45, తలుపు, కీలు, గడియలు, బీడింగు, రంగు అన్నీ కలిపి 150కి తక్కువ రాదు. బయట 3 ఎంఎం ఏసీపీ షీటు, అంటే రెండు పక్కలా పలచని అల్యూమినియం, మధ్యలో ప్లాస్టిక్ ఉండేది, వేస్తే షీటుకి 13 కిలోలే, పెట్టె మొత్తానికి ముప్పై కిలోల పైన మిగులుతుంది, వానకి ఉబ్బదు, షాపుల బోర్డులు చేసేవాళ్లే కోసి మడిచి ఇస్తారు. ప్లైవుడ్డే కావాలంటే పలచనిది వేసి ఫ్రేమ్ దగ్గర దగ్గరగా కొట్టించండి, కార్పెంటర్ అన్నకి ఇది చెప్పకపోతే ఆయన ఇంటి కబోర్డు కొట్టినట్టు 18 ఎంఎం వేసి సన్‌మైకా అంటించి ఇస్తాడు, పని చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లాగేటప్పుడు బొలెరో ఏడుస్తుంది.

ఇంగ ఎండ. ఇది నేను కళ్లారా చూసినా, చెయ్యి పెట్టి చూసినా. తెలిసినాయన ఒకరు చిత్తూరులో ఇట్లాంటి పెట్టె చేయించుకున్నాడు, ఏప్రిల్‌లో ఒకరోజు చూపిస్తానని పిలిస్తే పోయినా. పగలంతా ఎండలో నిలబెట్టింది. రాత్రి తొమ్మిదికి లోపలికి వంగి పైకప్పుకి అరచెయ్యి ఆనిస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా లాగా వెచ్చగా ఉండాది, బయట చల్లగాలి తిరిగేసినా సరే. మన తిరుపతిలో మే నెల 42 డిగ్రీలు దాటడం మామూలే, అట్లాంటప్పుడు ఆ పెట్టెలో అర్ధరాత్రి దాకా పడుకోలేరు. థర్మోకోల్ నింపితే వేడి ఆలస్యంగా లోపలికి వస్తుంది, ఆలస్యంగానే బయటికి పోతుంది, కాబట్టి కింద ఒక పక్క గాలి వచ్చే దారి, పైన ఇంకో పక్క పోయే దారి, దాంట్లో 12 వోల్టుల ఫ్యాను ఉండి తీరాలి. థర్మోకోల్‌ని రబ్బరు సొల్యూషన్ లాంటి ఘాటు వాసన గమ్‌తో అంటించొద్దు, అది థర్మోకోల్‌ని కరిగించి తినేస్తుంది, నీళ్ల రకం గమ్ వాడాలి. పైకప్పుకి తెల్ల రంగు, వీలైతే ఒక జానెడు పైన ఇంకో నీడ.

ఆర్‌సీ సంగతి మళ్లీ ఈడ వస్తుంది. పెట్టెని ట్రాలీకి వెల్డింగ్ చేసేస్తే అది మార్పు కిందికి వచ్చేస్తుంది. చేయించేదే అయితే పెట్టెని వేరే వస్తువు లాగా, నాలుగు మూలల బోల్టులతో దిగేటట్టు, నలుగురు పట్టుకుంటే పైకి లేచేటట్టు చేయించండి, అప్పుడు కూడా ఆర్టీఓలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే.

ఇవన్నీ కాకుండా ట్రైలరే ఎందుకు, సెకండ్ హ్యాండ్ టాటా ఏసో బొలెరో పికప్పో కొని వెనకాల కట్టుకుంటే పోలా అని ఒకరిద్దరు అడిగినారు. ట్రైలర్‌తో రివర్స్ తీసే గొడవ ఉండదు, ఊగే గొడవ ఉండదు, నిజమే. కానీ అది ట్రాన్స్‌పోర్ట్ బండి, దాని పన్నులూ ఫిట్‌నెస్సూ వేరే, ఇంట్లో ఇంకో ఇంజిన్‌ని మేపాలి, ఏడాదికి నాలుగుసార్లు పోయేవాళ్లకి అది దండగ. ట్రాలీ అయితే మిగతా రోజుల్లో మామిడికాయలు వేసుకోవచ్చు, సిమెంటు తెచ్చుకోవచ్చు. మా బావమరిదికి దామలచెరువు మార్కెట్టుకి కాయలు తోలే పని ఉంటుంది, వాడికి పైన ఏది కట్టినా జూన్‌లో విప్పేసే లాగా ఉండాలి, కాబట్టి వాడికి మూడో రకం మొదట్లోనే కొట్టేసినట్టే.

మూడింటికీ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ట్రాలీ చక్రాలు బొలెరో చక్రాలే ఉండేటట్టు హబ్బులు మార్పించుకుంటే ఒక్క స్టెప్నీతో సరిపోతుంది, రాత్రిపూట పాకాల దాటినాక పంచర్ అయితే దీని విలువ తెలుస్తుంది. పాత ట్రాలీ అయితే బేరింగులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి, మొదటి 20 కిలోమీటర్ల తర్వాత ఆపి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి నిలవనంత వేడి ఉంటే లోపల ఏదో బిగుసుకున్నట్టు. ట్రాలీ కింద ఉండే కమాను కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, సామాన్ల లోడుకి చేసినవి కాబట్టి తక్కువ బరువుకి రాయిలాగా ఎగురుతాయి, ఒకటి రెండు బ్లేడ్లు తీయించేటప్పుడు కాటా చీటీ మెకానిక్ చేతిలో పెట్టి, ఇంత బరువుకి ఎన్ని ఉంచాలో ఆయన్నే తేల్చమనండి. కొక్కెం కింద గొలుసులు రెండు, అడ్డంగా ఒకదానిమీద ఒకటి పోయేటట్టు తగిలించాలి, కొక్కెం ఊడినా ముక్కు ఆ గొలుసుల ఊయల్లో పడుతుంది గానీ రోడ్డుకి గుచ్చుకోదు. బ్రేక్ లైటు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు బొలెరోతో పాటే వెలగాలి. మొత్తం బరువు 500 కిలోలు దాటుతుంటే మన ఘాట్లకి ట్రాలీకి కూడా బ్రేకు పెట్టించుకోవడం మంచిదని నా అభిప్రాయం, రూల్ ఎంత చెప్పినా, దిగేటప్పుడు తోసేది మన బండినే గదా. దిగుడులో ఎక్కిన గేరులోనే దిగండి. తిరుమల కొండమీదికి దీన్ని తీసుకుపోయే ఆలోచన అసలు పెట్టుకోవద్దు, కింద పెట్టేసి ఆర్టీసీ బస్సు ఎక్కి పోండి.

కరెంటుకి పెద్ద హంగామా అక్కర్లేదు. 12 వోల్టుల ఫ్యాను 30 వాట్లది రాత్రంతా 8 గంటలు తిరిగితే 20 యాంపియర్ అవర్లు తింటుంది, రెండు ఎల్ఈడీ లైట్లు, ఫోన్లు కలిపి 30 అనుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించకూడదు కాబట్టి 60 పైన ఉండేది చాలు, మన కరకంబాడి అమరరాజా కంపెనీ బ్యాటరీలే ఊరంతా దొరుకుతాయి. ఇన్వర్టర్‌కి వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఇంట్లో ఉందని అది పెట్టొద్దు, దాని బరువే 50 కిలోలు దాటుతుంది. లిథియం అయితే 100 యాంపియర్ అవర్లది కూడా 12 కిలోలే, ధర ఎక్కువ, కానీ ముక్కు తూకం చూసుకునే మనకి ఆ బరువు తేడా చిన్నది కాదు.

గ్యాస్ గురించి ఒక్కమాట గట్టిగా చెప్తా. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగి నేలమీదే నిలబడుతుంది, ట్రాలీ అడుగు రేకు చుట్టూ మూసుకుని తొట్టి లాగా ఉంటుంది కాబట్టి అడుగున రెండు మూడు చోట్ల రంధ్రాలు వేయించాల్సిందే. పయనంలో రెగ్యులేటర్ తీసేసి మూత పెట్టండి. చలి అనో వాన అనో పెట్టె లోపల గాని పట్ట లోపల గాని స్టవ్ వెలిగించొద్దు, నిప్పుల కుంపటి అయితే అసలే వద్దు, ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, నిద్రలోనే పోతారు. హార్స్లీ హిల్స్‌లో డిసెంబర్ చలికి ఈ తప్పు చేయాలనిపిస్తుంది, ఇంకో దుప్పటి తీసుకుపోండి.

యాడ పడుకుంటారనేదాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు లోపల ఉండేది, ఆడ పర్మిషన్ లేకుండా అడవిలో రాత్రి ఆగకూడదు. పలమనేరు, కుప్పం సైడు కౌండిన్య అడవి ఏనుగులు పొలాల్లోకి వస్తాయి, ఆ సైడు పట్ట గుడిసెలో అరటిపళ్లు, బెల్లం పెట్టుకుని పడుకునేది అసలు వద్దు, ఊళ్లో మనుషులుండే చోటే ఆగండి. తూపిలిపాళెం బీచి సైడు ఎక్కువ పోయేవాళ్లు ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుందని గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చిన రోజే మంచినీళ్లతో అడుగు కూడా కడగాలి. ఎక్కువ గుళ్ల పార్కింగుల్లో, పెట్రోల్ బంకుల్లో ఆగేవాళ్లైతే తాళం ముఖ్యం, వాళ్లకి గట్టి పెట్టే సరి, ఏసీపీతో, తేలికగా, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తిరిగే ప్లానుతో. తోటల్లో, చెరువు గట్ల దగ్గర, తెలిసినవాళ్ల పొలాల్లో ఆగే నాలాంటివాళ్లకి, ఎండాకాలం సెలవుల్లోనే పిల్లలకి ఖాళీ దొరికేవాళ్లకి, పట్టని మించింది లేదు. నేను రెండోసారి కట్టినప్పుడు చేతిలో డబ్బులుండి కూడా మళ్లీ పట్టే కట్టినా.

బావమరిదికీ అదే చెప్పినా, గూడు బండే కట్టుకోరా, మూతకి తాళం పెట్టించు, కమాన్లు విప్పేసేటట్టు ఉంచు అని. ఆదివారం పొద్దున ట్రాలీని రేణిగుంటకి తీసుకొస్తానన్నాడు, ఖాళీ తూకం చూసుకుని ఆర్‌సీ జిరాక్స్‌తో సోమవారం ఆర్టీఓ ఆఫీసుకి పోతాం. బాత్రూమ్ మెషిన్ నేను తీసుకొస్తా అని చెప్పినా, కర్రముక్క మాత్రం వాణ్ణి తెచ్చుకోమన్నా, వాళ్ల బొలెరో కొక్కెం ఎత్తుకి కోసి.